ఊరబావి దగ్గర మనము



ఈ నెల పుస్తకం గురించి చెప్పేముందు, మా వేంసూరు వైపు ఒక పల్లెలో జరిగిన చిన్న కూడిక సంగతి చెప్పాలి. మామిడి కోతలు అయిపోయి, ఊళ్ళో కాస్త తీరిక దొరికిన రోజులు. గురువారం సాయంత్రం స్త్రీల కూడిక. ప్రార్థన, పాటలు అయిన తరువాత ఒక అరగంట ఏదైనా మంచి పుస్తకం నుండి చదివి వినిపించడం అక్కడ ఈమధ్య అలవాటు చేశాము. చదవడం రాని పెద్దవాళ్ళు కూడా చెవి ఒగ్గి వింటారు. ఆ వేళ ఇంటరు చదువుతున్న ఒక అమ్మాయి కొలకలూరి ఇనాక్‌గారి కథ “ఊరబావి” చదివింది.

చదవడం అయిపోయాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. వెనుక బల్ల మీద కూర్చున్న సంఘ పెద్ద ఒకాయన లేచి, “అయ్యగారూ, కథ బాగానే ఉంది గాని, ఇట్లాంటివి సంఘంలో ఎందుకండీ? ఇప్పుడు బావుల దగ్గరికి పోయేవాళ్ళెవరు? ఇంటింటికీ భగీరథ కుళాయి వచ్చింది. మానిన పుండును మళ్ళీ గోకడం దేనికి?” అన్నారు.

ఆయన కోపంతో అన్న మాట కాదది. సంఘంలో నలుగురి మనస్సు నొచ్చుకోకూడదని అన్నారు. అయినా మాకు అప్పుడు తగిన జవాబు తోచలేదు. ఇంటికి వచ్చి ఆ పుస్తకం మళ్ళీ తీశాము. దానితోబాటు ఆయన వ్రాసిన మరికొన్ని కూడా చదివాము. అందుకే ఈ నెల ఈ పేజీ ఇనాక్‌గారికి.

ఆ పేరే మన ఇళ్ళకు దగ్గరి పేరు. ఆదికాండములో దేవునితో నడిచిన వ్యక్తి పేరు మన తెలుగు బైబిలులో హనోకు అని ఉంటుంది. ఇంగ్లీషు పలుకుబడిలో అదే ఇనాక్ అయింది. మన పల్లెల్లో ఆ పేరు పెట్టుకున్నవారు ఎందరో ఉన్నారు. ఈ ఇనాక్‌గారు 1939వ సంవత్సరం జూలై 1న గుంటూరు జిల్లా వేజెండ్లలో పుట్టారు. పేదరికాన్నీ, అంటరానితనాన్నీ దగ్గర నుండి చూస్తూ పెరిగి, తెలుగు పండితులై, అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేశారు. తరువాత తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు. ఒకనాడు బడిలోపల కూర్చోవడానికే అనుమతి లేని జనము నుండి వచ్చిన మనిషి ఒక విశ్వవిద్యాలయానికే పెద్ద అయ్యారన్నమాట.

ఆయన ఒక్క ప్రక్రియకు కట్టుబడినవారు కారు. కవిత్వం వ్రాశారు, కథలు వ్రాశారు, నవలలు వ్రాశారు, నాటకాలు వ్రాశారు, సాహిత్య విమర్శ వ్రాశారు. 2014లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. “అనంత జీవనం” నవలకు భారతీయ జ్ఞానపీఠం వారి 2015వ సంవత్సరపు మూర్తిదేవి పురస్కారం వచ్చింది. “విమర్శిని” అనే వ్యాసాల పుస్తకానికి 2018లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఇన్ని వచ్చినా మన సంఘాలలో ఆయన పేరు తెలిసినవారిని వ్రేళ్ళ మీద లెక్కించవచ్చు. మేము పది ఇళ్ళలో అడిగాము. ఇద్దరికి తెలుసు. ఆ ఇద్దరూ బడిపంతుళ్ళే.

ఇప్పుడు కథకు వద్దాము. “ఊరబావి” అంటే ఊరందరి బావి అని కదా అర్థం. కాని ఆ ‘అందరి’లో కొందరు లేరు. బావి ఊరిదే, నీళ్ళు భూమిలోనివే, అయినా ఆ బావిలో చేద వేసే హక్కు పల్లెవారికి లేదు. కుండలు దించుకొని దూరంగా నిలబడాలి. ఎవరైనా వచ్చి పోస్తే పట్టుకోవాలి. పోయకపోతే అట్లాగే నిలబడాలి. దాహం ఒక బాధ, ఎదురుచూపు ఒక బాధ, ఆ ఎదురుచూపులో పడే మాటలు మూడో బాధ. ఈ మూడింటినీ ఇనాక్‌గారు ఆ కథలో మన కళ్ళ ముందు పెడతారు. ఆ తరువాత ఏమి జరిగిందో మేమిక్కడ చెప్పము. చెబితే చదివేవారి పాలు మేము తాగేసినట్లవుతుంది. సత్తుపల్లి వెళ్ళినప్పుడో, ఖమ్మం వెళ్ళినప్పుడో గ్రంథాలయంలో అడిగి చదవండి. అక్కడ పడిన అవమానం అక్కడితో ఆగిపోయేది కాదని మాత్రం చెబుతాము.

ఇది ఒక్క ఊరి సంగతి కాదు. 1927 మార్చి 20న డాక్టర్ అంబేద్కర్‌గారు మహారాష్ట్రలోని మహద్ పట్టణంలో చవదార్ చెరువు దగ్గరికి వేలాది మందిని వెంటబెట్టుకొని వెళ్ళి, దోసిలి పట్టి ఆ నీళ్ళు త్రాగారు. ఆ చెరువులో పశువులు త్రాగవచ్చు, పక్షులు త్రాగవచ్చు, ఈ మనుషులే త్రాగరాదు. ఒక్క దోసెడు నీళ్ళు త్రాగినందుకు ఆ రోజు వారి మీద దాడులు జరిగాయి. చెరువుకు శుద్ధి కూడా చేశారు. దోసెడు నీళ్ళకు అంత బలముందా అని మనకు ఆశ్చర్యము కలుగవచ్చు. ఆ దోసెడు నీళ్ళతో తామూ మనుషులమేనని వారు చెప్పారు. అందుకే అంత గొడవ.

ఇనాక్‌గారి నాటకాలలో “మునివాహనుడు” పేరు పొందినది. ఆ పేరు వెనుక ఉన్న కథ కూడా నీళ్ళ దగ్గరే మొదలవుతుంది. తమిళదేశంలో తిరుప్పాణాళ్వారు అనే భక్తుడుండేవాడు. పాణ కులంవాడు. పన్నెండుమంది ఆళ్వారులలో ఒకడుగా ఈనాడు పూజలందుకుంటున్నా, ఆ రోజుల్లో శ్రీరంగం గుడిలో అడుగు పెట్టే వీలు లేదు. కావేరి ఒడ్డున నిలబడి పాడుకొనేవాడు. ఒకనాడు గుడి పూజారి లోకసారంగముని స్వామి కోసం నీళ్ళు తీసుకుపోవడానికి ఏటికి వచ్చి, దారికి అడ్డంగా ఉన్న ఇతనిని తొలగమన్నాడు. పాటలో మునిగిన మనిషికి వినబడలేదు. ముని రాయి విసిరాడు. నుదుటి నుండి రక్తం వచ్చింది. తీరా గుడిలోకి పోయి చూస్తే రక్తం కారుతున్నది దేవుని నుదుటి మీద. ఆ భక్తుణ్ణి నీ భుజాల మీద ఎక్కించుకొని నా దగ్గరికి తీసుకురా అని ఆజ్ఞ అయింది. మునిని వాహనంగా చేసుకున్నవాడు కనుక అతడు మునివాహనుడయ్యాడు. ఇదీ ఆ ప్రాచీన కథ.

ఇది వైష్ణవుల కథ గదా, మనకెందుకని కొందరు అడగవచ్చు. రాయి విసిరిన మనిషి దుర్మార్గుడు కాదు, అది గమనించండి. అతడు తన దేవునికి నీళ్ళు తీసుకుపోతున్నాడు. పరిశుద్ధమైన పని మీద ఉన్నాననే నమ్మకంతోనే రాయి విసిరాడు. సమరయుని ఉపమానంలో దెబ్బలు తిని పడియున్నవానిని దాటిపోయిన యాజకుడు కూడా దుర్మార్గుడని ప్రభువు చెప్పలేదు. భక్తి గల మనుషులము మనము కూడా ఈ దగ్గరే జాగ్రత్తగా ఉండాలి. 2018 ఏప్రిల్‌లో హైదరాబాదు జియాగూడ రంగనాథాలయంలో చిలుకూరు ఆలయ అర్చకులొకరు ఒక దళిత యువకుణ్ణి భుజాల మీద ఎత్తుకొని గుడిలోపలికి తీసుకువెళ్ళారు. ఆ ముని కథనే ఆయన మళ్ళీ చేసి చూపారు. పత్రికలన్నీ ఆ ఫోటో వేశాయి.

“అనంత జీవనం” అనే పేరు చూసి, నిత్యజీవాన్ని గురించిన భక్తి పుస్తకమేమోనని ఒక సహోదరి మమ్మల్ని అడిగింది. కాదమ్మా, ఇది అనంతపురం జీవనము అన్నాము. అనంతపురంలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. మన ఖమ్మం జిల్లాలో దాదాపు దానికి రెట్టింపు పడుతుంది. మనకు చెరువులున్నాయి, కాలువలున్నాయి, అడవి దగ్గరగా ఉంది. పామాయిలు తోటలకు కూడా నీళ్ళు పెట్టగలుగుతున్నాము. అక్కడ వేరుశనగ విత్తి ఆకాశం వైపు చూస్తారు. ఆ కరువు నేలను, అక్కడి మనుషుల మొండి ధైర్యాన్ని ఇనాక్‌గారు నవలగా వ్రాశారు. ఏళ్ళ తరబడి ఆ జిల్లాలో ఉండి చూసిన మనిషి వ్రాసిన పుస్తకమది. బావి కథలో నీళ్ళున్నాయి, ఇచ్చే మనసు లేదు. ఈ నవలలో నీళ్ళే లేవు. రెండూ పక్కపక్కన పెట్టుకొని చదివితే, మనిషికి మనిషి అవసరము ఎంతో అర్థమవుతుంది.

కవిత్వంలో “ఆది ఆంధ్రుడు” అనే పేరు పెట్టారాయన. ఆ మాటకు వెనుక చరిత్ర ఉన్నది. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మగారి అధ్యక్షతన జరిగిన మహాసభలో, మమ్మల్ని పంచములు అనవద్దు, ఈ నేల మొదటి బిడ్డలము మేము, ఆది ఆంధ్రులమని పిలవండి అని నిర్ణయించుకున్నారు. ఇతరులు పెట్టిన పేరు వదిలి తమ పేరు తాము పెట్టుకున్నారు. బాప్తిస్మమప్పుడు కొత్త పేరు పెట్టుకొనే మన పెద్దలకు ఆ ఆరాటము తెలియనిది కాదు.

ఇనాక్‌గారికి ముందు ఈ బాట వేసినవారు గుర్రం జాషువాగారు. 1895లో వినుకొండలో పుట్టారు. 1941లో వచ్చిన “గబ్బిలం” కావ్యంలో, గుడిలోకి పోలేని అరుంధతీయుడొకడు తన మొర శివునికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. గబ్బిలం గుడిలో వ్రేలాడవచ్చు, మనిషి మాత్రం గడప దాటరాదు. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారంతటి పండితులు జాషువాగారి కాలికి గండపెండేరం తొడిగి గౌరవించారు. మన క్రైస్తవ సమాజమో, హిందూ పురాణాల కథలు పద్యాలుగా వ్రాస్తున్నాడని ఆయనను దూరము పెట్టింది. అదే మనిషి “క్రీస్తు చరిత్ర” వ్రాసి, దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి పొందారు. ప్రభువు చరిత్రను తెలుగు పద్యాలలో అంత గొప్పగా చెప్పిన పుస్తకము మనలో ఎందరి ఇళ్ళలో ఉన్నది? ఇది ఎవరినో అనడం కాదు, మా ఇంట్లోకి కూడా చాలా ఆలస్యంగానే వచ్చింది.

మేరీ జోన్స్ కథ మన ఆదివారపు బడి పిల్లలకు తెలుసు. వేల్సు దేశపు పేద పిల్ల. ఏళ్ళ తరబడి పైసా పైసా కూడబెట్టి, 1800లో, పదిహేనేళ్ళ వయసులో, బైబిలు కొనుక్కోవడానికి సుమారు 40 కిలోమీటర్లు నడిచి బాలా అనే ఊరికి వెళ్ళింది. ఆ సంగతి కదిలించడం వల్లనే 1804లో బైబిలు సొసైటీ ఏర్పడిందని చెబుతారు. కాని మనం చెప్పని రెండో సగం ఒకటున్నది. ఆ వేల్సు జనము చిన్న జనము, వారి భాష చిన్న భాష, పక్కన ఇంగ్లీషు పెద్ద భాష. 1588లో విలియం మోర్గన్ అనే దైవజనుడు బైబిలును వారి భాషలోకి తెచ్చాడు. గుడిలో, ఆదివారపు బడిలో దాన్ని చదవడం నేర్చుకున్న జనము అక్కడితో ఆగలేదు. తమ కవులను, నవలాకారులను, నాటకకర్తలను కూడా చదివారు. ఇప్పటికీ అక్కడ ఏటేటా కవితల పండుగ జరుగుతుంది. గెలిచిన కవిని అందరి ముందూ కుర్చీలో కూర్చోబెడతారు. ఆ కుర్చీయే బహుమానము. మన కవులకు మనము వేసిన కుర్చీ ఏదని ఇది వ్రాస్తుండగా మాకు తోచింది.

ఇక ఆ గురువారపు కూడికకు తిరిగి వద్దాము. పెద్దాయన మాటకు మేము తడబడుతుంటే, తలుపు దగ్గర గోడకానుకొని కూర్చున్న ఒక నాయనమ్మ నోరు విప్పింది. ఎనభై దాటిన మనిషి.

“బాబూ, పుండు మానిందంటివి. ఎవరి పుండు? మా చిన్నప్పుడు కడవలు దించి నిలబడేవాళ్ళం. పోసేవాళ్ళు వాళ్ళ చేద మా కడవకు తగలకుండా ఎత్తు నుంచి పోసేది. సగం నీళ్ళు మట్టిపాలు. ఆ తడిసిన మట్టి చూస్తే ఏడుపొచ్చేది. సరే, అది పోయింది, దేవుడికి స్తోత్రం. బాప్తిస్మం తీసుకున్నాం, గుడి కట్టుకున్నాం. మరి ఆ పక్క పేటలో కూడా గుడుంది గదా. అదే ప్రభువు గదా. వాళ్ళింట్లో పెళ్ళయితే మనం పోయి అన్నం తిన్నామా? మన పిల్లనిచ్చామా? మన శ్మశానంలో వాళ్ళను పెట్టనిచ్చామా? ఆ బావి మనం కూడా తవ్వుకున్నాం బాబూ.”

ఆ మాటకు పెద్దాయన తల వంచుకున్నారు. మేము కూడా.

ఎందుకంటే మా సంగతి చెప్పాలి. మేమూ ఆ బావి దగ్గర కడవలు దించి నిలబడ్డవారి పిల్లలమే. మిషను బడిలో చదువుకొని, ఉద్యోగము వచ్చి, పెంకుటిల్లు కట్టుకున్నాము. పొలం పనికి పక్క పేట నుండి కూలీలు వచ్చేవారు. వారూ విశ్వాసులే. వారికి టీ ఇవ్వడానికి మా ఇంట్లో వేరే స్టీలు గ్లాసు ఒకటుండేది. చూరు కింద, వసారా గోడ మీద బోర్లించి ఉండేది. వారే త్రాగి, వారే కడిగి, వారే అక్కడ బోర్లించేవారు. ఎవరు పెట్టారో ఆ పద్ధతి, ఎప్పుడు పెట్టారో మాకు గుర్తులేదు. ఆదివారం ఒకే రొట్టెను విరిచి తిన్న చేతులతోనే సోమవారం ఆ గ్లాసు అందించాము. ఎవరూ తప్పనలేదు. వారూ అడగలేదు. ఏళ్ళు గడిచాయి. “ఊరబావి” చదివిన రాత్రి మాకు ఆ గ్లాసు గుర్తుకు వచ్చింది. నిద్ర పట్టలేదు.

సమరయలో యాకోబు బావి దగ్గర మన ప్రభువు కూర్చున్న సంగతి అందరమూ ఎన్నోసార్లు విన్నాము. ప్రసంగాలలో జీవజలమును గురించే ఎక్కువగా చెబుతారు. దానికి ముందు జరిగినది ఒకటున్నది. ఆయన ఆమెను త్రాగడానికి నీళ్ళు అడిగాడు. ఆయన దగ్గర చేదుకొనే పాత్ర లేదు, ఆ సంగతి ఆ స్త్రీయే చెప్పింది. అంటే ఆమె ఇచ్చిన దానితోనే త్రాగాలి. యూదులు సమరయులతో పొత్తు పెట్టుకోని రోజులవి. అందుకే ఆమె ఆశ్చర్యపోయింది. ఆయన స్త్రీతో మాట్లాడుతున్నాడని శిష్యులు కూడా ఆశ్చర్యపోయారు. ఇవ్వడము సులభమే. మన చేద పైన ఉంచి, ఎత్తు నుండి పోసి కూడా ఇవ్వవచ్చు. మనము తక్కువ అనుకున్నవారి కడవలో నీళ్ళు అడిగి త్రాగడమే కష్టము. ప్రభువు ఆ కష్టమైనదే చేశాడు.

కుళాయి వచ్చింది గదా అన్న పెద్దాయనకు మా జవాబు ఇదే. కుళాయి నీళ్ళను ఇంటి దాకా తెచ్చింది. వసారా గోడ మీది గ్లాసును మాత్రం అది తీసివేయలేదు. దాన్ని తీయవలసిన చేతులు మనవే. అటువంటి కథలు సంఘంలో ఎందుకు చదవాలంటే, ఒకప్పుడు మనకు జరిగినది తెలుసుకోవడానికి సగము, ఇప్పుడు మనము చేస్తున్నది చూసుకోవడానికి సగము.

ప్రియులారా, ఈ నెల మీ కుటుంబ ప్రార్థన అయిన తరువాత ఒక రాత్రి “ఊరబావి” కథ చదవండి. ఇంట్లో చదువుకుంటున్న పిల్లల చేత చదివించండి. నాయనమ్మ, తాతయ్య ఉంటే వారిని తప్పక పిలిచి కూర్చోబెట్టండి. కథ అయ్యాక, మీ చిన్నప్పుడు నీళ్ళు ఎక్కడి నుండి తెచ్చేవారని అడగండి. వారు చెప్పేది ఏ పుస్తకంలోనూ ఉండదు. పిల్లలు అది ఒక నోటు పుస్తకంలో వ్రాసి ఉంచితే ఇంకా మంచిది. యువజనుల కూడికలున్న సంఘాలలో, క్రిస్మసుకు వేసే నాటికతో పాటు మన రచయితల నాటకమొకటి తీసి చదువుకోండి. వేయకపోయినా ఫరవాలేదు, పాత్రలు పంచుకొని చదవండి.

మా ఇంట్లో ఆ గ్లాసు ఇప్పుడు వంటింటి అరలో మిగతా గ్లాసులతో కలిసిపోయింది. ఏది అదో మాకే తెలియకుండా ఉండాలని కడిగి అన్నిటి మధ్యా పెట్టాము. దానితో పని అయిపోలేదని మాకు తెలుసు. పక్క పేటలో ఒక పెద్దాయన ఉన్నారు, పాతికేళ్ళు మా పొలంలో నాగలి పట్టిన మనిషి. పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక వారింటికి వెళ్ళి, వాకిట్లో మంచం మీద కూర్చొని, త్రాగడానికి మంచినీళ్ళు అడిగాము. ఆయన భార్య లోపలికి వెళ్ళి చాలాసేపు రాలేదు. ఇంట్లో ఉన్నవాటిలో మంచి చెంబు కోసం వెదికిందట. తెచ్చి ఇచ్చింది. త్రాగాము. పాతికేళ్ళలో అదే మొదటిసారి.

వచ్చే నెల జాషువాగారి “క్రీస్తు చరిత్ర”ను గురించి వ్రాస్తాము. అంతవరకు ప్రభువు మీ ఇంటిల్లిపాదికీ తోడైయుండును గాక.